పద్నాలుగో పేరా

2024 ఎండాకాలం నాటికి మా తమ్ముడి మీదున్న అప్పు 3,80,000 రూపాయలు. అందులో 1,60,000 బ్యాంకు పంట రుణం. మిగతా 2,20,000 ఊళ్ళో ఇద్దరి దగ్గర నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి ప్రోనోట్లు రాసి తెచ్చుకున్నది. సొంత తమ్ముడు కాదు, మా చిన్నాయన కొడుకు. అయినా ఒక్క వసారాలో పెరిగినవాళ్ళం.

యర్రగొండపాలెం మండలంలో, నల్లమల అంచున ఉంటుంది మా ఊరు. తమ్ముడికి నాలుగెకరాల మెట్ట చేను. మిరప నాటినా, పత్తి వేసినా, కంది చల్లినా బోరులో నీళ్ళుంటేనే గింజ ఇంటికొచ్చేది. రెండు బోర్లు ఎండిపోతే మూడోది ఆరు వందల అడుగుల దాకా దింపించాడు. పైకి తెల్లటి పొడి లేచింది తప్ప చెమ్మ కనపడలేదు. అతని అప్పులో సగం ఆ మూడు బోర్లలో పోసిందే. వెలిగొండ సొరంగాలు పూర్తయ్యాయని ఆ మార్చిలోనే ప్రారంభోత్సవం జరిగింది. కృష్ణా నీళ్ళు వాటిలోంచి దిగి మా చేలకు చేరడం మాత్రం అప్పటికి ఇంకా మిగిలే ఉంది.

తమ్ముడు సోమరి కాడు, తాగుబోతు కాడు. ఈ సంగతి ముందే చెప్పాలి. మోసపోయినవాణ్ణి చూసి ‘ఆశకు పోయాడు, అనుభవించాడు’ అనడం లోకానికి తేలిక. అతను మేడలు కట్టాలని ఆశపడలేదు. పొద్దున్నే తలుపు తీస్తే గడపలో అప్పులవాళ్ళు కనపడకుండా ఉంటే చాలనుకున్నాడు.

నేను వేరే జిల్లాల్లో బ్యాంకు ఉద్యోగం చేసి, రిటైరయ్యాక హైదరాబాదులో కొడుకు దగ్గర ఉంటున్నాను. ఊళ్ళో జరిగిందంతా తర్వాత మా మరదలు చెబితేనూ, ఆ మీటింగుకు వెళ్ళిన ఊరివాళ్ళు చెబితేనూ తెలిసింది.

ఉగాది వెళ్ళిన వారానికి, యర్రగొండపాలెంలో ఒక మేడ మీది గదిలో మీటింగు పెట్టారు. వచ్చినాయన ఫలానా అని ఎవరికీ తెలియదు. అందరూ ‘రిజర్వు బ్యాంకు సారు’ అన్నారు. తెల్ల చొక్కా, మెడలో గుర్తింపు కార్డు, బల్ల మీద మూడు సింహాల బొమ్మ ఉన్న ఫైళ్ళు. ముప్పై మంది దాకా రైతులు కింద కూచున్నారు. ఆయన గొంతు పెంచలేదట. బడిలో పాఠం చెప్పినట్టు నిదానంగా చెప్పాడట.

ముందుగా జేబులోంచి 500 నోటు తీసి, దాని మీద గవర్నరు సంతకం పైన రాసింది చదివి వినిపించాడు. ‘ధారకునికి ఐదు వందల రూపాయలు చెల్లిస్తానని వాగ్దానం చేస్తున్నాను అని గవర్నరే రాసిచ్చాడు. అంటే బాకీ ఎవరు? మీరా, ఆయనా?’ అని అడిగాడు. ఎవరూ జవాబు చెప్పలేకపోయారు.

తర్వాత ఒక వార్తాపత్రిక ముక్క చూపించాడు. 2023 ఆగస్టు 17న రిజర్వు బ్యాంకు ‘ఉద్గమ్’ అని ఒక పోర్టల్ తెరిచింది. పదేళ్ళపాటు ఎవరూ అడగని డిపాజిట్లన్నీ రిజర్వు బ్యాంకు దగ్గరున్న ప్రత్యేక నిధికి చేరతాయి. అప్పటికి ఆ సొమ్ము 42 వేల కోట్లు దాటింది. ‘ఇదంతా ఎవరి డబ్బు? ప్రజల డబ్బు. మీ డబ్బు. మీకెవరైనా చెప్పారా?’

మూడోది మా తమ్ముడి గుండెకు తగిలింది. ‘మీ ఇళ్ళల్లో 2014 నాటి రుణ విముక్తి పత్రాలు ఉన్నాయా, లేవా?’ అని అడిగాడాయన. మా తమ్ముడి ఇనప పెట్టెలో ఉంది. పట్టాదారు పుస్తకం పక్కన, ప్లాస్టిక్ కవర్లో భద్రంగా ఉంది.

ఈ మూడూ నిజాలే. అక్కడే ఉంది మోసమంతా. నోటు మీద ఆ మాట నిజంగానే ఉంది. కాని అది ఆ నోటు విలువకు ఇచ్చిన హామీ. నోటు పట్టుకున్నవాడి అప్పులతో దానికి సంబంధం లేదు. ఉద్గమ్ నిజం. కాని అందులో ఉన్నది, ఎప్పుడో ఎవరో స్వయంగా డిపాజిట్ చేసి మరిచిపోయిన సొమ్ము. చేసినవాళ్ళకో వారసులకో తప్ప ఇంకెవరికీ అందదు, వాళ్ళకు మాత్రం పైసా ఫీజు లేకుండా అందుతుంది. ఇక రుణమాఫీ అంతకన్నా నిజం. మా చిన్నాయన బతికున్నప్పుడు 1990లో వి.పి. సింగ్ ప్రభుత్వం పది వేల దాకా మాఫీ చేసింది. 2008 బడ్జెట్లో చిదంబరం ప్రకటించిన మాఫీ ఐదెకరాల లోపు రైతులకు అందింది. 2014లో రాష్ట్ర ప్రభుత్వం కుటుంబానికి లక్షన్నర దాకా మాఫీ అన్నది. యాభై వేల లోపుంటే ఒకేసారి, మించితే ఐదు విడతల్లో పది శాతం వడ్డీ కలిపి ఇస్తామన్నది. పత్రాలు పంచింది. చివరి విడతలు చాలామందికి అందనే లేదు, పత్రాలు మాత్రం పెట్టెల్లో మిగిలిపోయాయి.

ఒక కాయితం వస్తుంది, అప్పు పోతుంది. ఈ మాట మా ఊళ్ళో పుక్కిటి పురాణం కాదు. తాత చూశాడు, తండ్రి చూశాడు, కొడుకు చూశాడు. అలా మూడు తరాలు కళ్ళారా చూసిన నిజం పక్కన నాలుగో కాయితంగా అబద్ధాన్ని పెడితే, పోల్చుకోవడం పదో తరగతి చదివిన మెట్ట రైతుకు సాధ్యమా?

ఆ నాలుగో మాట ఇది. మనిషి పుట్టి, జనన ధృవపత్రం రాయగానే అతని పేరు మీద ఢిల్లీలో ఒక రహస్య ఖాతా తెరుచుకుంటుందట. ప్రభుత్వం ఆ పేరును బాండుగా పెట్టి విదేశాల్లో అప్పులు తెస్తుందట. ఆ సొమ్ము మనదేనట. బ్యాంకుకు మనం కట్టాల్సిన బాకీని ఆ ఖాతాలోంచి మళ్ళించమని సరైన పద్ధతిలో, సరైన మాటలతో ఉత్తరం రాస్తే బ్యాంకు నోరెత్తకుండా రుణం మూసేయాలట. మంత్రులకూ కోటీశ్వరులకూ ఈ కిటుకు తెలుసట, పేదవాడికి తెలియనివ్వరట. ఉత్తరం తయారు చేసి, ‘రుణ విముక్తి ధృవపత్రం’ ఇప్పించడానికి లీగల్ ఫీజు 12,500 రూపాయలు. నలభై ఐదు రోజుల్లో పని పూర్తి.

‘ఒక్క షరతు,’ అన్నాడట. ‘బ్యాంకు మీ దగ్గర తీసుకునే ప్రతి పైసా మీ అనుమతితోనే తీసుకుంటుంది. మీరు నోరు మూసుకుంటే అనుమతి ఇచ్చినట్టే. ముందు ఆ అనుమతి తెగ్గొట్టాలి. పాసుపుస్తకాలు తెచ్చారా?’

తమ్ముడు తన పుస్తకం అందించాడు. ఆయన ఎర్ర పెన్నుతో పేజీలు తిప్పుతూ వచ్చాడు. మెసేజిల చార్జీ. ఏటీఎం కార్డు చార్జీ. ఇంకా ఏవేవో ఇంగ్లీషు పొడి అక్షరాల పక్కన చిన్న చిన్న మొత్తాలు. అన్నిటి మీదా గీతలు గీశాడు. ‘చూడయ్యా, నిన్నడిగి కోశారా ఇవి? ఇట్టా ఏళ్ళ తరబడి కోసుకుంటున్నారు. నీకు తెలియనే తెలియదు.’ తమ్ముడికి నిజంగానే తెలియదు. తన కష్టార్జితానికి ఎవరో రోజూ చిల్లు పెడుతున్నట్టు అతనికి మొదటిసారి కళ్ళకు కట్టింది. ఆ రాత్రి అన్నం కూడా సరిగా తినలేదని మరదలు చెప్పింది. ‘మనల్ని ఎడ్డివాళ్ళను చేశారే’ అని ఒకటే మాట అన్నాడట.

పన్నెండున్నర వేలు ఎక్కడివి? రెండు మేకలు అమ్మాడు.

మే 13న ఎన్నికలు. ఆ హడావిడి అణగగానే ఉత్తరం తయారై వచ్చింది. పదకొండు పేజీలు, ఇరవై రెండు పేరాలు, సగం ఇంగ్లీషు, సగం తెలుగు. ప్రతి పేజీ అడుగునా సంతకం, దాని పక్కన ఎర్ర సిరాతో వేలిముద్ర, చివర ఏటవాలుగా అంటించిన రెవెన్యూ స్టాంపు. బ్యాంకుకు రిజిస్టర్ పోస్టులో పంపారు. నకలు సారు తరపు ఏజెంటు తన దగ్గరే ఉంచుకున్నాడు.

పది రోజుల్లోపు బ్యాంకు నుంచి జవాబు వచ్చింది. ఇంగ్లీషులో నాలుగే వాక్యాలు. ఏజెంటు వచ్చి చదివి చెప్పాడు. ‘పద్నాలుగో పేరాలో మీరు కోరినట్టు అమలు చేశాం అని రాశారన్నా. బ్యాంకు ఒప్పుకుంది! ఇది మొదటి మెట్టు. మిగతావీ ఇట్టాగే దిగొస్తాయి.’ ఆ తర్వాతి వాక్యం అతను చదవలేదు. లేఖలోని మిగతా కోరికలకు చట్టంలో చోటు లేదనీ, పంట రుణం యథాతథంగా కట్టాలనీ అందులో ఉంది.

ఆ సాయంత్రం తమ్ముడు ఆ కాయితం పట్టుకుని ఊళ్ళో నలుగురికీ చూపించాడు. ఇరవై ఏళ్ళుగా బ్యాంకు మెట్లెక్కి చేతులు కట్టుకుని నిలబడ్డవాడికి, బ్యాంకు తన మాట వినడం అదే మొదలు. ఇంట్లో కోడిని కోశారు. పద్నాలుగో పేరాలో ఏముందో ఎవరికీ తెలియదు. గెలిచిన పేరా అని మాత్రం అందరికీ తెలుసు. ఆ కాయితం చూసే మరో ఏడుగురు ఫీజు కట్టారు.

జూన్‌లో మూడు సింహాల ముద్రతో, మెరిసే స్టిక్కరుతో ‘రుణ విముక్తి ధృవపత్రం’ చేతికొచ్చింది. తమ్ముడు దాన్ని 2014 పత్రం పక్కనే, అదే కవర్లో పెట్టాడు.

జూలైలో నాలుగు వానలు పడ్డాయి. మళ్ళీ అప్పు చేసి వేరుశనగ వేయకుండా, ఇంట్లో ఉన్న విత్తనంతో ఎకరంన్నరలో మొక్కజొన్న పెట్టాడు. నల్లమల అంచున విత్తనం పెట్టడం ఒక ఎత్తు, దాన్ని అడవిపందుల నుంచి కాపాడుకోవడం ఒక ఎత్తు. రాత్రిళ్ళు చేలోనే కాపలా. ఒక తెల్లవారుజామున మంచె దిగుతుంటే రక్తపింజరి కాటేసింది. పక్క చేనువాళ్ళు చూసేసరికి పొద్దెక్కింది. యర్రగొండపాలెం తీసుకెళ్ళి, అక్కణ్ణుంచి 108లో మార్కాపురం తీసుకెళుతుంటే దారిలోనే ప్రాణం పోయింది. నలభై మూడేళ్ళు.

నేను వచ్చేసరికి అంతా అయిపోయింది.

పెద్దదినం నాడు ప్రోనోట్ల ఆసాములిద్దరూ వచ్చారు. గట్టిగా ఏమీ అనలేదు. భోజనం చేసి, పోతూ పోతూ ‘అమ్మాయ్, నోట్లు నీ పేరు మీద తిరగరాసుకుందాం, తొందరేం లేదులే’ అన్నారు. మరదలు లోపలికెళ్ళి ఆ ప్లాస్టిక్ కవరు తెచ్చి నా చేతిలో పెట్టింది.

‘బావా, ఆయన కాయితాలన్నీ ఇందులో ఉన్నాయి. అప్పు రద్దయిందని ఈ సర్టిఫికెట్టులో రాసుందంట గదా. వాళ్ళకు చూపిస్తే చాలుగదా?’

ఆ సర్టిఫికెట్టుతో పాటు మీటింగులో పంచిన చిన్న పుస్తకం కూడా ఉంది. చదివాను. ఎనిమిదో పేజీలో నా కళ్ళు ఆగిపోయాయి. ‘1933లో ప్రభుత్వం ప్రజల బంగారం తీసుకుని, బదులుగా వారి పేర్లను బాండ్లుగా మార్చింది’ అని రాసుంది. మన రిజర్వు బ్యాంకు పని మొదలుపెట్టిందే 1935 ఏప్రిల్ 1న. 1933లో ప్రజల బంగారం అప్పగించమన్నది అమెరికా. అక్కడి కథను ఎవరో తెలుగు చేసి, దేశం పేరు మార్చి, సంవత్సరం మార్చడం మరిచిపోయారు.

అమెరికాలో ఈ కథకు నలభై ఏళ్ళ చరిత్ర ఉంది. బంగారం పోయాక ప్రభుత్వం పౌరులనే తాకట్టు పెట్టిందనీ, ప్రతి జనన ధృవపత్రం వెనకా ఖజానాలో ఒక రహస్య ఖాతా ఉందనీ 1980ల నుంచి అక్కడ ప్రచారం సాగింది. పెద్దక్షరాల్లో రాసిన పేరు మనది కాదు, ప్రభుత్వం నిలబెట్టిన దిష్టిబొమ్మది అంటారు. దీనికి ఆద్యుడైన రోజర్ ఎల్విక్ దొంగ డ్రాఫ్టులు పుట్టించి జైలుకు పోయాడు. ఆ ఖాతాల్లో మనిషికి 6,30,000 డాలర్ల నుంచి 30 లక్షల డాలర్ల పైదాకా ఉంటాయని వీళ్ళు చెబుతారంటూ ఎఫ్‌బీఐ ప్రజలను హెచ్చరించింది. ఎర్ర సిరా వేలిముద్రలూ, సంతకం పక్కన స్టాంపులూ వీళ్ళ కాయితాల గుర్తులు. అటువంటి ఖాతాలు లేనే లేవని అమెరికా ఖజానా శాఖ తేల్చి చెప్పింది. కెనడాలో ఆల్బర్టా న్యాయమూర్తి జాన్ రూక్ 2012లో ఒక విడాకుల కేసులో ఈ వాదాలన్నిటినీ తవ్వి తీసి పెద్ద తీర్పు రాశాడు. అంతులేని ధనానికి తాళంచెవి తమ దగ్గరుందనే ఈ గురువులు తాము మాత్రం ఎందుకు ధనవంతులు కాలేదో అడగండి అని బాధితులకు చెప్పాడు.

మన దగ్గరా హెచ్చరిక లేకపోలేదు. మా తమ్ముడు మేకలు అమ్మడానికి నాలుగు నెలల ముందే, 2023 డిసెంబరు 11న, రిజర్వు బ్యాంకు ఒక ప్రకటన ఇచ్చింది. రుణమాఫీ చేయిస్తామంటూ పత్రికల్లో, ఫోన్లలో ప్రచారం చేస్తున్నవాళ్ళున్నారు, ఫీజు తీసుకుని ‘రుణమాఫీ సర్టిఫికెట్లు’ ఇస్తున్నారు, వాళ్ళకు ఏ అధికారమూ లేదు, నమ్మవద్దు అని. ప్రజల పేరు మీద తన దగ్గర ఖాతాలు ఉండవని అంతకుముందు ఎన్నోసార్లు చెప్పింది. ఆ ప్రకటన మా ఊరిదాకా రాలేదు. సారు వచ్చాడు. అతను గదిలో కూచోబెట్టి, గంటసేపు, వాళ్ళ భాషలో, వాళ్ళ కళ్ళలోకి చూస్తూ మాట్లాడాడు. నిజం ప్రకటనగా వెబ్‌సైట్లో ఉండి, అబద్ధం మనిషై ఇంటికొస్తే గెలుపు ఎవరిదో చెప్పక్కర్లేదు. పంట పోయినప్పుడు రుణం గడువు పొడిగించమని అడగొచ్చనీ, లోక్ అదాలత్‌లో రాజీ కుదుర్చుకోవచ్చనీ, బ్యాంకు మీద అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చనీ అంత ఓపిగ్గా చెప్పినవాళ్ళు మా ఊళ్ళో ఒక్కరూ లేరు.

సర్టిఫికెట్టు చెల్లదని మరదలితో చెప్పాను. ఆమె ఏడవలేదు. ‘మరి బ్యాంకు ఒప్పుకుంది గదా బావా? పద్నాలుగో పేరా గెలిచిందన్నాడు గదా?’ అంది. ఏజెంటుకు ఫోన్ చేశాను. స్విచాఫ్.

ఒంగోలు హాస్టల్లో ఉండి డిగ్రీ చదివే తమ్ముడి కూతురు అప్పటిదాకా మూలన కూచుని కవర్లోంచి పాసుపుస్తకం తీసి తిప్పుతోంది. ఏప్రిల్ దాకా ముద్రించి ఉంది.

‘పెదనాన్నా, ఇక్కడ ప్రతి ఏడాదీ మే నెలాఖర్లో 436 రూపాయలు ఒకటి, 20 రూపాయలు ఒకటి కట్ అవుతున్నాయి. ఏంటివి? వీటి మీద ఎర్రగీతలున్నాయి.’

పుస్తకం లాక్కున్నంత పని చేశాను. ఎర్రగీత కింద అక్షరాలు పట్టిపట్టి చదివాను. ఒక చోట పీఎంజేజేబీవై, ఇంకో చోట పీఎంఎస్‌బీవై.

2015 మే 9న కేంద్రం మొదలుపెట్టిన రెండు బీమా పథకాలు అవి. జీవన జ్యోతి, సురక్ష. ఆ ఏడాది మా ఊళ్ళో శిబిరం పెట్టి ఖాతా ఉన్న ప్రతివాడి చేతా సంతకాలు పెట్టించారు. జీవన జ్యోతికి అప్పట్లో ఏడాదికి 330, 2022 జూన్ నుంచి 436. ఏ కారణంతో పోయినా ఇంటివాళ్ళకు రెండు లక్షలు. సురక్షకు అప్పట్లో 12, తర్వాత 20. ప్రమాదంలో పోతే రెండు లక్షలు. పాము కాటు ప్రమాదం కిందికే వస్తుంది, ఆస్పత్రి కాయితం ఉంటే చాలు. అది మా దగ్గరుంది. నామినీగా మరదలి పేరుంది. తొమ్మిదేళ్ళుగా ఒక్క ఏడాదీ తప్పకుండా కట్టాడు, కడుతున్నానని కూడా తెలియకుండా.

రెండూ రెండూ నాలుగు లక్షలు. అప్పు 3,80,000.

వాళ్ళిద్దరినీ దగ్గర కూచోబెట్టుకుని చెప్పాను. ‘అమ్మా, ఆ సారు చెప్పింది అబద్ధం. కాని ప్రభుత్వం దగ్గర వాడి పేరు మీద రాసిపెట్టిన సొమ్ము ఒకటి నిజంగానే ఉంది. ఇదే అది. బ్యాంకు అప్పూ తీరుతుంది, నోట్లూ తీరతాయి. ఎవరి పేరు మీదా ఏదీ తిరగరాయనక్కర్లేదు.’ పెద్దదినం అయ్యాక ఆ ఇంట్లో పొయ్యి వెలిగించింది ఆ సాయంత్రమే. మరదలు గంజి కాచింది. ముగ్గురం తాగాం.

మర్నాడు పొద్దున్నే బ్యాంకుకు వెళ్ళాం. మేనేజరు చిన్న వయసావిడ. మర్యాదగా కూచోబెట్టింది. మరణ ధృవపత్రం, ఆస్పత్రి కాయితం, ఆధార్ కార్డులు అన్నీ చూసింది. క్లెయిము ఫారాలు తీసింది. ఖాతా నంబరు కొట్టి, కంప్యూటర్ తెర వైపు చాలాసేపు చూసింది.

‘సార్, ఈ బీమా జూన్ ఒకటి నుంచి మే 31 దాకా. కొత్త ఏడాదికి ప్రీమియం ఈ మే నెలలో కట్ అవ్వాలి. అవ్వలేదు. రెండు పాలసీలూ మే 31తో ఆగిపోయాయి.’

‘ఖాతాలో డబ్బు లేదామ్మా?’

‘ఉంది సార్. ఆ రోజుకు 1,340 రూపాయలున్నాయి.’

‘మరి ఎందుకు కట్ అవ్వలేదు?’

ఆవిడ లేచి వెళ్ళి బీరువాలోంచి ఒక ఫైలు తెచ్చింది. పదకొండు పేజీలు. ప్రతి పేజీ అడుగునా మా తమ్ముడి సంతకం, దాని పక్కన ఎర్రటి వేలిముద్ర. ఏడో పేజీ తీసి, పచ్చ సిరాతో టిక్కు పెట్టి ఉన్న చోట వేలు పెట్టింది. ‘14’ అని ఉంది. అమ్మాయి వంగి పైకి చదివింది.

‘నా ఖాతా నుండి ప్రతి సంవత్సరము నా అనుమతి లేకుండా తీసుకొనుచున్న 436 రూపాయలు మరియు 20 రూపాయలకు ఇంతవరకు ఉన్న అనుమతిని ఇందుమూలముగా రద్దు చేయుచున్నాను. ఇకపై తీసుకొనరాదు.’

మేనేజరు తల దించుకునే చెప్పింది.

‘ఇరవై రెండు పేరాలూ చదివాం సార్. అందులో చట్టప్రకారం మేం చేయగలిగింది ఇదొక్కటే. వెంటనే చేశాం.’